అరవకుండా పిల్లల్ని మనవైపు తిప్పుకోవడానికి

కిండర్‌గార్టెన్‌లో టీచర్ ట్రైనింగ్‌ చేస్తున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా. ఆట ఆపి బొమ్మలు సర్దమంటే ఒక్కరూ వినరు, మన గొంతు మాత్రం పోతుంది.

ఆట ముగిసే 5 నిమిషాల ముందే ఒకసారి చెప్పి ఉంచండి. టైమ్ అవగానే, దగ్గర్లో ఉన్న నలుగురికే వినపడేంత మెల్లగా ‘నా మాట వినిపిస్తే ముక్కు పట్టుకోండి’ అనండి. 3 సెకన్లు ఆగి, ఇంకా మెల్లగా ‘చేతులు తల మీద’. మూడోసారి ‘చేతులు భుజాల మీద’ అనేసరికి మిగతావాళ్లు పక్కవాళ్లను చూసి చేసేస్తారు. అప్పుడు ఒక్క పనే చెప్పాలి: ‘బ్లాకులు బుట్టలో వేయండి’. రెండు కలిపి చెబితే కథ మళ్లీ మొదటికే (నాకు చాలాసార్లు అయింది).

రోజుకు మూడు నాలుగు సార్లు మించి వాడితే పిల్లలు పట్టించుకోరు. బయట పరుగెడుతున్నప్పుడైతే అసలు పనిచేయదు, అక్కడ గంటో ఈలో ఉండాల్సిందే.