కల్పిత దేశానికి రోడ్డు బోర్డులు గీస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

కథ కోసమో, గేమ్ కోసమో, ఊరికే సరదాకో ఒక దేశాన్ని ఊహించుకున్నారు. మ్యాపు అయింది, జెండా అయింది, ఇప్పుడు రోడ్ల మీద పడ్డారు. ‘డ్రాగన్లు దాటు స్థలం’ అని మొదటి బోర్డు గీసినప్పుడు నవ్వొస్తుంది. పదో బోర్డుకొచ్చేసరికి దేశం పోయి జోకులే మిగులుతాయి. బోర్డు మనకు ఎంత వింతగా ఉన్నా సరే, అక్కడివాళ్లకు మాత్రం రోజూ చూసే రేకు ముక్కలాగే ఉండాలి.

ఉత్తర ధ్రువం దగ్గర నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో రోడ్డు బోర్డు మీద ఎర్ర అంచు త్రికోణంలో తెల్లటి ధ్రువపు ఎలుగుబంటి ఉంటుంది. దాని కింద ‘స్వాల్‌బార్డ్ అంతటికీ వర్తిస్తుంది’ అని ఒక చిన్న పలక. నన్నడిగితే ఎలుగుబంటి కన్నా ఆ పలకలోని గుమాస్తా భాషే ఎక్కువ నమ్మిస్తుంది. మీ డ్రాగన్ కింద కూడా ఏ వేళల్లో, ఎంత దూరం వరకు అన్న ముక్క ఒకటి రాసి చూడండి.

బొమ్మల కంటే ముందు ఆకారాలు, రంగులు ఖాయం చేసుకోవాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. రోడ్డు బోర్డుల మీద దేశాలు చేసుకున్న 1968 నాటి వియన్నా ఒప్పందం హెచ్చరిక బోర్డుకు త్రికోణం గానీ, కొన మీద నిలబెట్టిన చతురస్రం గానీ వాడొచ్చంటుంది. ఒక దేశం రెండింటిలో ఒకదాన్నే పట్టుకుంటుంది. మీరూ అంతే, కలగాపులగం చేయొద్దు. రంగుకూ కారణం ఉండాలి. స్వీడన్, ఫిన్లాండ్‌లలో త్రికోణం లోపల తెలుపుకు బదులు పసుపు ఉంటుంది, మంచులో తెలుపు కలిసిపోతుంది కాబట్టి. అమెరికాలో స్టాప్ బోర్డు 1954 దాకా పసుపే, ఎండకు వెలిసిపోని ఎరుపు రంగు అంతకుముందు సరిగా దొరకలేదు మరి. ఎనిమిది మూలలుంటే మంచు కప్పేసినా, వెనక నుంచి చూసినా అది స్టాప్ బోర్డే అని తెలిసిపోతుంది. జపాన్‌లో అదే బోర్డు తలకిందుల త్రికోణం. ఇజ్రాయెల్‌లో అక్షరాలే లేవు, ఎత్తిన చెయ్యి ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివాళ్లు మీ దేశంలోనూ ఉంటారు, కాబట్టి రంగు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఒక ఉదాహరణ చూద్దాం. మీ దేశంలో ఒక రోడ్డు సముద్రపు పోటు సమయంలో మునిగిపోతుంది. ఇంగ్లండ్‌లోని లిండిస్‌ఫార్న్ దీవికి వెళ్లే దారి నిజంగానే అలాంటిది. ఇక్కడ అల బొమ్మ ఒక్కటీ పెట్టి ఊరుకుంటే చాలదు. రోడ్డు మొదట్లోనే, బండి వెనక్కి తిప్పుకునే చోటున్నప్పుడే బోర్డు రావాలి. పోటు వేళలు రోజూ మారతాయి కాబట్టి వాటిని రేకు మీద పెయింట్ చేయలేరు, మార్చుకునే పట్టిక కావాలి. ఆ పట్టికను ఎవరు మారుస్తారు అనుకోగానే మీ దేశంలో ఒక ఉద్యోగి పుట్టుకొస్తాడు.

మాటలు తగ్గించండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు సుమారు 22 మీటర్లు పోతుంది. రెండు వాక్యాలు చదివేలోపు ప్రమాదం దాటిపోతారు, లేదా అందులోనే ఉంటారు. కొత్త లిపి కనిపెడితే ముందు అక్షరమాల రాసిపెట్టుకోండి. గీతలు గిలికేస్తే జాగ్రత్తగా చూసేవాళ్లు పట్టేస్తారు. బతికున్న భాషల అక్షరాలను అలంకారానికి తెచ్చి పెట్టడం అంతకన్నా టెన్షన్, ఆ భాషవాళ్లు చదివి ‘ఇదేం రాత?’ అంటారు.

బోర్డులను మరీ కొత్తగా మెరిసిపోనివ్వకండి. స్వీడన్‌లో దుప్పి బోర్డులను పర్యాటకులు ఎత్తుకెళ్తుంటారు. మీ దేశంలోనూ ఒక స్తంభం ఖాళీగా ఉండనివ్వండి.

గీశాక దాన్ని పోస్టల్ స్టాంపంత చేసి ప్రింట్ తీయండి. గదికి అటు చివర నుంచి బొమ్మ తెలియకపోతే గీతలు తగ్గించాలి. అంతేగానీ పరీక్ష పేరుతో నిజం రోడ్డు మీద మాత్రం తగిలించొద్దు. ఎవరైనా సడన్‌గా బ్రేకు వేస్తే వెనక బండి గుద్దుతుంది, కేసు మీ మీదకే వస్తుంది. ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు దేశం పేరు, అది కల్పితమన్న మాట బొమ్మ లోపలే ఒక మూల రాయండి. కింద రాసిన క్యాప్షన్ రెండు ఫార్వర్డ్‌లు కూడా దాటదు.