బయోటెక్ సంస్థలో కొత్తవారిని ప్రభుత్వ వేతన రాయితీతో చేర్చుకోవడం ఎలా?

మైక్రోబయాలజీ డిగ్రీ చేత పట్టుకుని వచ్చిన అమ్మాయిని ఏ ల్యాబ్‌వాళ్లయినా ముందు అడిగేది అనుభవం గురించే. ఉద్యోగం ఇస్తే కదా అనుభవం వచ్చేది! చిన్న సంస్థల ఇబ్బందీ తక్కువది కాదు. కొత్తగా చేరినవారు సెల్ కల్చర్ హుడ్ (సూక్ష్మజీవులు సోకకుండా కణాలతో పనిచేసే అర) దగ్గర ఒంటరిగా పనిచేయడానికి వారాలు పడుతుంది. అన్నాళ్లూ జీతం ఇవ్వాలి, నేర్పే సీనియర్ సమయమూ ఖర్చవుతుంది. ఈ భారంలో కొంత మోయడానికే పలు దేశాల్లో ప్రభుత్వాలు వేతన రాయితీలు పెట్టాయి. రాయితీ ఉందని మనిషిని వెతకకండి. ముందు చేయించాల్సిన పని ఉండాలి, ఆ తర్వాతే దరఖాస్తు.

1. పనిని కాగితం మీద పెట్టండి

"పరిశోధనలో సాయం చేయాలి" అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. మొదటి నెలలో ఏం నేర్పుతారు, మూడో నెలకల్లా ఏ పని సొంతంగా చేయగలగాలి, నేర్పే బాధ్యత ఎవరిది అన్నవి స్పష్టంగా ఉండాలి.

సెల్ కల్చర్ పనే తీసుకుందాం. మొదట బయోసేఫ్టీ (ల్యాబ్ భద్రత) శిక్షణ, ఎస్‌ఓపీలు (పని చేసే తీరు రాసిన ప్రామాణిక పత్రాలు) చదివి సంతకం చేయడం. తర్వాత కణాలేవీ లేని ఉత్త మీడియాను (కణాలకు పెట్టే పోషక ద్రవాన్ని) ఫ్లాస్కుల్లో నింపించి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో కొన్ని రోజులు ఉంచండి. మీడియా తేటగానే ఉంటే చెయ్యి కుదిరినట్టే. కలకబారితే సూక్ష్మజీవులు చేరినట్టు, మళ్లీ చేయించండి. అసలు సెల్ లైన్‌ను (ల్యాబ్‌లో పెంచుతూ వచ్చే కణాలను) ఆ తర్వాతే అప్పగించండి. మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా సోకితే మీడియా కలకబారదు కాబట్టి కంటికి తెలియదు, దానికి విడిగా పరీక్ష చేయాలి. ఈ సంగతి మొదట్లోనే చెప్పాలి. పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కను లెక్కకు మించి నకళ్లు తీసే పద్ధతి) పనైతే, మిశ్రమం కలిపే చోటు, ఫలితాల ట్యూబు తెరిచే చోటు ఎందుకు వేరుగా ఉండాలో దగ్గరుండి చూపించండి.

నోట్‌బుక్ రాయడం కూడా నేర్పాల్సిన పనే. చేసిన పనిని చేసినప్పుడే రాయాలి. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సంతకం, తేదీ వేయాలి. వైట్‌నర్ ముట్టుకోకూడదు. రేపు ఆ పిల్ల జీఎంపీ (మందుల తయారీ నాణ్యతా నియమాలు) పాటించే ప్లాంటులో చేరితే అన్నిటికన్నా అక్కరకొచ్చే అలవాటు ఇదే. రాయితీ దరఖాస్తుల్లో శిక్షణ వివరాలు అడిగేచోట కూడా ఈ కాగితమే పనికొస్తుంది.

2. మీకు సరిపోయే పథకం చూసుకోండి

పథకాలన్నీ ఒకే రకంగా ఉండవు. కెనడాలో స్టూడెంట్ వర్క్ ప్లేస్‌మెంట్ ప్రోగ్రామ్ ఉంది. బయోటెక్ రంగంలో దాన్ని బయోటాలెంట్ కెనడా అనే లాభాపేక్ష లేని సంస్థ అందిస్తోంది. ఈ పథకం ఇంకా చదువుకుంటున్నవారి కోసం. జీతంలో 50 శాతం, గరిష్ఠంగా 5,000 డాలర్లు వస్తుంది. మొదటి ఏడాది విద్యార్థులు, సైన్స్ కోర్సుల్లోని అమ్మాయిలు, వైకల్యం ఉన్నవారు, ఆదివాసులు వంటి వర్గాలకు 70 శాతం, గరిష్ఠంగా 7,000 డాలర్లు. విదేశీ విద్యార్థులకు వర్తించదు.

భారత్‌లో ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన మరో పద్ధతిది. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 మధ్య ఏర్పడే ఉద్యోగాలకు ఇది వర్తిస్తుంది. వయసుతో, రంగంతో పని లేదు, ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) ఖాతాయే ఆధారం. ఈపీఎఫ్ వేతనం 20,000 రూపాయలు దాటి లక్ష లోపు ఉంటే, అదనంగా చేర్చుకున్న ఒక్కొక్కరికి యజమానికి నెలకు 3,000 చొప్పున రెండేళ్లు ఇస్తారు. తయారీ రంగానికి మూడు, నాలుగు సంవత్సరాల్లోనూ కొనసాగుతుంది. 50 మంది కన్నా తక్కువున్న సంస్థ కనీసం ఇద్దరిని, 50 లేదా అంతకు మించి ఉన్నది కనీసం ఐదుగురిని కొత్తగా చేర్చుకోవాలి, ఆరు నెలలైనా కొనసాగించాలి. తొలిసారి ఉద్యోగంలో చేరినవారికి విడిగా 15,000 దాకా రెండు విడతల్లో అందుతుంది.

నిబంధనలు మారుతుంటాయి. పాత కరపత్రాన్ని నమ్ముకోకుండా తాజా మార్గదర్శకాలు చదవండి.

3. అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చేముందు ఆగండి

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ముందస్తు ఆమోదం కావాలన్న పథకంలో, మనిషి చేరిపోయాక దరఖాస్తు పెడితే తిరస్కరిస్తారు. ఆమోదం అక్కర్లేని చోట కూడా నమోదు, గుర్తింపు ధ్రువీకరణ, బ్యాంకు ఖాతా అనుసంధానం ముందే పూర్తి చేసుకోండి. పాతవారిని తీసేసి ఆ కుర్చీలో కొత్తవారిని కూర్చోబెడితే "అదనపు ఉద్యోగం" లెక్కలోకి రాదు. అలా చేయడం న్యాయమూ కాదు.

4. డబ్బు తర్వాతే వస్తుందని లెక్క వేసుకోండి

రాయితీ సాధారణంగా జీతం ఇచ్చాక తిరిగొచ్చే సొమ్ము. కెనడా ఉదాహరణే చూద్దాం. నెలకు 3,600 డాలర్ల చొప్పున నాలుగు నెలలకు 14,400. సగమంటే 7,200, కానీ పరిమితి 5,000 దగ్గరే ఆగుతుంది. మిగిలిన 9,400 మీదే. యజమాని కట్టాల్సిన ఇతర చెల్లింపులు దానికి అదనం. మొత్తం జీతాన్ని ముందుగా ఇవ్వగల నగదు చేతిలో ఉందో లేదో చూసుకున్నాకే అడుగేయండి. ఒకే జీతానికి రెండు ప్రభుత్వ రాయితీలు తీసుకోవడాన్ని చాలా పథకాలు ఒప్పుకోవు.

5. రుజువులు ఒకచోట ఉంచండి

ఒప్పంద పత్రం, పే స్లిప్‌లు, జీతం బ్యాంకులో పడిన ఆధారం, హాజరు, శిక్షణ రికార్డు ఒకే ఫైల్లో పెట్టండి.

6. రాయితీ గడువు ముగియడానికి రెండు నెలల ముందే మాట్లాడండి

కొనసాగిస్తారో లేదో చివరి వారం దాకా నాన్చితే కొత్తవారు నలిగిపోతారు. కొనసాగించగలిగితే కొత్త జీతం ఎంతో చెప్పండి. వీలుకాకపోతే ఏయే పద్ధతులు చేశారో, ఏ పరికరాల మీద చేశారో, వేటిని పర్యవేక్షణ లేకుండా చేయగలరో వివరంగా రాసి సంతకం చేసి ఇవ్వండి. తర్వాతి ఇంటర్వ్యూలో అనుభవం గురించి అడిగితే చూపించడానికి ఆ అమ్మాయి చేతిలో ఒక కాగితం ఉంటుంది.