పంచాయతీ బడ్జెట్‌లో భూముల రాబడిని ఎలా లెక్కకట్టాలి?

డీసీబీ రిజిస్టర్ (రావాల్సిన డిమాండ్, వసూలైంది, బాకీ రాసే పుస్తకం), ట్రెజరీ పాస్‌బుక్, ఐదేళ్ల క్యాష్‌బుక్కులు ముందు పెట్టుకోండి. లెక్క కాగితం మీద పెన్సిల్‌తోనే వేయాలి. కంప్యూటర్‌లో మొదలెట్టినవాళ్లు నిరుటి అంకెలకు పది శాతం కలిపి పనైపోయిందంటారు.

ఇంటి పన్ను సులువు. డిమాండ్ ఎంతున్నా, నిరుడు చేతికొచ్చినంతే రాయండి. కేంద్రం నుంచి 2021-26కు వచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే కేటాయించారు. మిగతా 40 శాతంలోంచీ జీతాలివ్వకూడదన్నారు. కాబట్టి జీతాలకు సొంత రాబడే చూసుకోవాలి.

అందరూ బోల్తాపడేది రిజిస్ట్రేషన్ల మీద వచ్చే ట్రాన్స్‌ఫర్ డ్యూటీ దగ్గర. తెలంగాణలో 2021 జులై నుంచి రిజిస్ట్రేషన్‌కు ఆస్తి విలువ మీద కట్టే 7.5 శాతంలో 1.5 శాతం ఇదే. భూమి చేతులు మారితేనే వస్తుంది. 2020 సెప్టెంబరు 8న రాష్ట్రమంతటా రిజిస్ట్రేషన్లు ఆపేస్తే, ప్లాట్లు, ఇళ్లవి డిసెంబరు దాకా మొదలవలేదు. ఆ నెలల్లోనూ చెత్త ఎత్తాల్సిందే, లైట్లు వెలగాల్సిందే.

నేను పనిచేసిన ఒక ఊళ్లో రోడ్డు వస్తుందన్న మాటకే చేలల్లో రంగు జెండాలు పాతారు. రెండేళ్లు డ్యూటీ బాగా వచ్చింది. ఆ ధీమాతో నలుగురు కార్మికులను పెట్టుకున్నాం. మూడో ఏడు అమ్మకాలు ఆగాయి. ట్రాక్టరు నడిపే అతను మూడు నెలల జీతం కోసం ఆఫీసు గడప మీద కూర్చున్నాడు. పిల్లవాడి ఫీజు రసీదు చేతిలో ఉంది. ఆ బడ్జెట్ రాసింది నేనే.

అందుకే ట్రాన్స్‌ఫర్ డ్యూటీకి ఐదేళ్లలో అతి తక్కువ వచ్చిన ఏడాది అంకె రాయండి. సగటు రాయమనేవాళ్ల మాట వినొద్దు. ఒక్క మంచి ఏడాది సగటును పైకి లాగేస్తుంది, జీతాల రోజున ఆ డబ్బు ఖాతాలో ఉండదు. అనుకున్నదానికన్నా ఎక్కువ వస్తే మురుగు కాలువ, నీళ్ల ట్యాంకు లాంటి ఏళ్లపాటు నిలిచే పనులకే పెట్టండి. ఆ పనుల వరుసను డబ్బు రాకముందే గ్రామసభలో ఒప్పించుకుని అభివృద్ధి ప్రణాళికలో రాయాలి. వచ్చాక అడిగితే ప్రతి వార్డు సభ్యుడూ తన వీధి సీసీ రోడ్డే ముందంటాడు.

లేఅవుట్ ఫీజు కూడా అలాంటిదే. ఫీజు ఒక్కసారే వస్తుంది, అక్కడ ఇళ్లు లేచాక నీళ్లు, లైట్లు, చెత్త బండి ఏటేటా పంచాయతీయే చూడాలి. ప్రతి లేఅవుట్ ఫైల్లో ఆ నెలవారీ ఖర్చు ఒక కాగితం మీద వేసి పెట్టండి. రోడ్లు, పార్కు స్థలం పంచాయతీ పేరిట రిజిస్టరైన దస్తావేజు చేతికందేదాకా తుది లేఅవుట్ విడుదల చేయకండి.