రీకాల్ కబురు కోసం ఎదురుచూడకండి, ఛాసిస్ నంబరుతో మీరే చూసుకోండి

కావలిలో మా షెడ్డుకు వచ్చే కార్లు చాలావరకు సెకండ్ హ్యాండువే. చెన్నైలోనో బెంగళూరులోనో ఒకరు వాడి అమ్మినవి. కంపెనీ రీకాల్ ప్రకటిస్తే, అంటే తయారీలో లోపం బయటపడి సరిచేయడానికి బండ్లను వెనక్కి పిలిస్తే, ఆ సందేశం తరచుగా పాత యజమాని ఫోనుకే పోతుంది. అందుకే బండి ఎవరు తెచ్చినా ముందు ఆర్సీ అడుగుతాను.

ఆర్సీలో ఛాసిస్ నంబరు ఉంటుంది. ఈ కాలపు బండ్లకు అక్షరాలు, అంకెలు కలిపి 17. అందులో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. గుండ్రంగా కనిపించేది సున్నాయే. చాలామంది దాన్ని ఓ అని కొట్టి, ‘వివరాలు లేవు’ అని వస్తే తమ బండికి ఏ లోపమూ లేదనుకుంటారు. కంపెనీ వెబ్‌సైటులో ఆ నంబరు నిదానంగా కొట్టండి, లేదా సర్వీస్ సెంటరులో చూపించండి.

రీకాల్ వచ్చిందంటే మీ బండి పాడైపోయిందని కాదు. 2021 మేలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇగ్నిషన్ కాయిల్ (ఇంజనుకు నిప్పురవ్వ అందించే భాగం) లోపం వల్ల 2,36,966 బైకులను వెనక్కి పిలిచింది. వాటిలో పదో వంతు కంటే తక్కువ వాటికే భాగం మార్చాల్సి వస్తుందని అప్పట్లో అంచనా వేసింది. మిగతావి పరీక్షించి పంపేస్తారు. ‘సర్వీస్ క్యాంపెయిన్’ అని వస్తే అది సాధారణంగా సాఫ్ట్‌వేర్ మార్పో, చిన్న సవరణో. తర్వాతి సర్వీసులో చేయించుకోవచ్చు.

ఎయిర్‌బ్యాగ్ రీకాల్ మాత్రం వాయిదా వేయకండి, దయచేసి. జపాన్ కంపెనీ టకాటా చేసిన ఎయిర్‌బ్యాగుల్లో, సంచిని ఉబ్బించే వాయువు కోసం వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకూ పాడవుతుంది. అలాంటిది విచ్చుకున్నప్పుడు దాని లోహపు డబ్బా పగిలి, ముక్కలు మనిషి మీదికి దూసుకొస్తాయి. తుమ్మలపెంట నుంచి మైపాడు దాకా మన తీరంలో మే నెల ఉక్క ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు.

రీకాల్ పని ఉచితం. వారంటీ ముగిసినా, సర్వీసు బయట చేయించినా అంతే. ఆ పని నేను చేయను, కంపెనీ సెంటరుకే పంపుతాను. జాబ్ కార్డులో, అంటే సర్వీస్ సెంటరు వాళ్లు బండికి చేసే పనులు రాసే కాగితంలో, రీకాల్ పనిని విడిగా రాయించుకోండి. వేరే పనులు అంటగడితే ఒప్పుకోనక్కర్లేదు. భాగం లేదంటే ఎప్పుడు వస్తుందో రాసి ఇమ్మనండి, అంతవరకు బండి నడపవచ్చో లేదో అడగండి.

2019 మోటారు వాహనాల చట్ట సవరణతో, 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలతో రీకాల్‌కు ఆదేశించే అధికారం కేంద్రానికి ఉంది. లోపంపై ఫిర్యాదు కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు వాహన్ పోర్టల్‌లో చేయవచ్చు.

సెకండ్ హ్యాండు బండి కొన్నవారు, ఆర్సీ పేరు మారగానే సర్వీస్ సెంటరుకు వెళ్లి పాత నంబరు తీయించి మీ ఫోను నంబరు ఎక్కించుకోండి.