క్రైస్తవుడూ నాస్తికుడూ కలిసి ఒక మాటను పరీక్షించడం ఎలా?

సత్యం గురించి ఒక క్రైస్తవుడూ ఒక నాస్తికుడూ మాట్లాడుకోదలచినప్పుడు, దేవుడు ఉన్నాడా లేడా అన్న ప్రశ్నను మొదటే ఎత్తకూడదు. ఎత్తితే ఇద్దరూ తమకు అలవాటైన వాదనలను అప్పజెప్పి లేచిపోతారు. అంతకు ముందు ఒక్క విషయంలో ఒప్పందానికి రావాలి: ఒక సంగతి జరిగిందా లేదా అన్నది మన నమ్మకం మీద గానీ మన ఇష్టం మీద గానీ ఆధారపడి ఉండదు. ఇది ఒప్పుకోవడానికి క్రైస్తవుడు తన విశ్వాసంలో దేనినీ వదులుకోనక్కరలేదు. క్రీస్తు లేపబడి ఉండకపోతే తన ప్రకటనా వ్యర్థమే, వినేవారి విశ్వాసమూ వ్యర్థమే అని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో తేల్చి చెప్పాడు. ఆ సంగతి నిజంగా జరిగి ఉంటేనే విశ్వాసానికి విలువ అన్నది ఆయన పెట్టిన షరతు. నాస్తికుడు అడిగేదీ అదే గనుక, ఇద్దరికీ నిలబడే చోటు ఇక్కడే దొరుకుతుంది.

తరువాత పరీక్షకు వీలైన ఒక మాటను ఎంచుకోవాలి. స్వస్థత కూటాల్లో వినిపించే సాక్ష్యం ఇందుకు బాగా పనికొస్తుంది. ప్రార్థన చేయించుకున్నాక తనకు షుగర్ పోయిందని ఒకరు చెప్పారనుకుందాం. ఆ మనిషి అబద్ధమాడుతున్నాడని నాస్తికుడు ముందే తీర్మానించకూడదు. సాక్ష్యాన్ని శంకిస్తే దేవుణ్ణి శంకించినట్టేనని క్రైస్తవుడూ భావించకూడదు. జబ్బును మొదట ఎవరు నిర్ధారించారు, ఏ మందులు వాడారు, ఇప్పుడూ వాడుతున్నారా, బరువు తగ్గారా అని ఇద్దరూ కలిసి అడగాలి. ఒక ఉదయం పరగడుపున చేయించిన రక్తపరీక్షతో ఏదీ తేలదు, ఎందుకంటే ఉపవాస ప్రార్థనలో ఉన్న రోజుల్లో తిండి తగ్గినందువల్లనే చక్కెర తగ్గి ఉండవచ్చు. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష గత రెండు మూడు నెలల చక్కెర సగటును చూపుతుంది కాబట్టి, ప్రార్థనకు ముందటి రిపోర్టునూ కొన్ని నెలల తరువాతి రిపోర్టునూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఏ ఫలితం వస్తే ఏమని ఒప్పుకుంటారో ముందే కాగితం మీద రాసుకోవడం చాలా అవసరం. ఫలితం చూశాక నియమాలు మార్చే బలహీనత రెండు పక్షాలలోనూ ఉంది. ఈ పరిశీలన కోసమని ఎవరూ డాక్టరు చెప్పకుండా మందులు మానకూడదు. ఈ ఒక్క మాటనైనా పాస్టర్లూ హేతువాదులూ ఒకే వేదిక మీద నుంచి చెప్పగలిగితే అదే గొప్ప మేలని నా అభిప్రాయం.

ఇలాంటి పరీక్ష విశ్వాసానికి అవమానమని భావించేవారు ఫ్రాన్సులోని లూర్దు పుణ్యక్షేత్రాన్ని గమనించాలి. స్వస్థత సాక్ష్యాలను పరిశీలించే వైద్యుల కార్యాలయం ఒకటి అక్కడ 1883 నుంచి పనిచేస్తోంది. స్వస్థత పొందామని చెప్పినవారు వేలల్లో ఉండగా, కాథలిక్ చర్చి అద్భుతాలుగా గుర్తించినవి సుమారు 70 మాత్రమే. ఇప్పటి వైద్యజ్ఞానంతో వివరించలేమన్నంత వరకే వైద్యులు చెబుతారు; అద్భుతమని ప్రకటించేది బిషప్పు. ఆ మొదటి వాక్యం మీద నాస్తికుడూ క్రైస్తవుడూ కలిసి సంతకం చేయవచ్చు. వారు విడిపోయేది రెండో వాక్యం దగ్గర. కారణం తెలియనప్పుడు తెలియదని ఒప్పుకోవడం నాస్తికుడికి కూడా బాధ్యతే. ఆధారం లేకుండా మోసమని ముద్ర వేస్తే అతడూ నియమం తప్పినట్టే.

నాస్తికుడి పక్షాన వినిపించే మాటలనూ ఇలాగే పరీక్షకు పెట్టాలి. యేసు అనే మనిషే పుట్టలేదని కొందరు అంటారు. క్రైస్తవుడు కాని రోమన్ చరిత్రకారుడు టాసిటస్, తిబెరి చక్రవర్తి కాలంలో పొంతి పిలాతు చేత క్రీస్తు మరణశిక్ష పొందాడని రెండో శతాబ్దం తొలినాళ్లలో రాశాడు. చరిత్రకారులలో అత్యధికులు, అవిశ్వాసులతో సహా, యేసు చారిత్రక వ్యక్తేనని అంగీకరిస్తారు. పునరుత్థానాన్ని నమ్మకుండానే నాస్తికుడు దీనిని ఒప్పుకోవచ్చు.

మంచి చెడ్డలకు సంబంధించిన సత్యం ఇంతకంటే కష్టం, ఎందుకంటే అక్కడ చూపడానికి రిపోర్టులు ఉండవు. అక్కడ సిద్ధాంతాలకు ముందు ఏ మాట అబద్ధమో ఇద్దరూ గుర్తించాలి. కొన్ని కులాలవారు పుట్టుకతోనే నేరస్థులన్న భావనతో బ్రిటిష్ ప్రభుత్వం 1871లో చట్టం చేసింది. అలా ముద్ర పడినవారిని ఉంచడానికి ఆ చట్టం నీడలో ఏర్పడిన స్టువర్టుపురం సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపింది. చట్టపు కంచె లోపలే అయినా, మనిషి మారగలడన్నది వారి విశ్వాసం. 1970లలో నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు, తానూ నాస్తికుడైన లవణం, ఆయన భార్య హేమలత అదే ఊరిలో సంస్కరణకు పూనుకున్నారు. హేమలత క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి గుర్రం జాషువా కుమార్తె. మనిషిని దేవుడు తన పోలికలో చేశాడు గనుక పుట్టుకతోనే నేరస్థులన్న భావన తప్పని క్రైస్తవుడు అంటాడు; పుట్టుక ఎవరి నడతనూ నిర్ణయించదు గనుక తప్పని నాస్తికుడు అంటాడు. ఆ భావన అబద్ధమన్న తీర్పు మాత్రం ఇద్దరిదీ ఒకటే.

కారణాల దగ్గర తేడా మిగిలినప్పుడు దానిని కప్పిపుచ్చకూడదు. ఎదుటివారి వాదనను మీరే రాసి వారికి చూపండి, తాము అనేది సరిగ్గా అదేనని వారు ఒప్పుకునేదాకా దిద్దండి.