తొలకరికి ముందే మీ వీధిని ఒకసారి చూసుకోండి

హైదరాబాద్‌లో వానలు మొదలయ్యాక పార పట్టే మనిషి దొరకడు. వాన నీళ్లు వీధిలో నిలవకుండా నేలలోకి ఇంకేందుకు చేయాల్సిన ఈ పనులు మే నెలాఖరుకే కానివ్వండి.

ముందు ఓ చిన్న లెక్క. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. 200 గజాల డాబా అంటే సుమారు 167 చదరపు మీటర్లు. 2020 అక్టోబరు 13న మొదలైన వానకు బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లు పడింది. అంటే అలాంటి డాబా ఒక్కదాని మీదే 30 వేల లీటర్ల పైమాట, అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఆరు! వీధి వీధంతా ఆ నీళ్లను రోడ్డు మీదికి వదిలేస్తే ఏ నాలా మోస్తుంది?

ఇంకుడు గుంత ఉందిలే అని ఊరుకోకండి. నాలుగైదు బకెట్లు పోసి చూడండి. మర్నాటికీ నీళ్లు నిలిచే ఉంటే ఒండ్రు పట్టేసినట్టే. పై ఇసుక తీసి కడగండి, లేదా కొత్తది పోయండి. కింది కంకరలోకీ మట్టి దిగితే అదీ తీయాల్సిందే. డాబా ఊడ్చి, మొదటి వాన నీటిని బయటికి వదిలేయండి, పావురాల రెట్టంతా అందులోనే వస్తుంది. బాత్రూం నీళ్లు గుంతలోకి రాకూడదు. రోడ్డు మీది నీటిని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ నేరుగా బోరులోకి పంపొద్దు. ఆయిలు, డ్రైనేజీ మురికి నేరుగా భూగర్భ జలంలో కలుస్తాయి.

ఇక చెట్లు. మా వీధిలో సీసీ రోడ్డు వేసినప్పుడు కానుగ చెట్ల మొదళ్ల దాకా సిమెంటు పోసేశారు. పాత పొర తవ్వకుండా పైనే వేశారు కాబట్టి మా గేటు పల్లమైంది, తొలి వానకే నీళ్లు వరండాలోకి వచ్చాయి. మీ దగ్గర రోడ్డు పని ఉంటే పాత పొర తీయమని ముందే అడగండి, వేశాక అడిగి లాభం లేదు. చెట్టు చుట్టూ కనీసం మీటరు మేర సిమెంటు పోయకుండా మట్టినే ఉంచమనండి. అందరూ చేసే పొరపాటు ఇంకొకటుంది: అందం కోసం ఇటుకలు పేర్చి మొక్కల మడిని ఎత్తు చేస్తారు. మడి రోడ్డు కంటే జానెడు పల్లంగా ఉండాలి, గట్టులో అక్కడక్కడా గండి పెట్టాలి. అప్పుడే రోడ్డు నీళ్లు అందులోకి దిగి ఇంకుతాయి.

వాన నీటి కాలువ జాలీల మీది ఆకులు, కవర్లు వారానికోసారి తీయండి.

వీధిలో నీళ్లు నిలిస్తే మ్యాన్‌హోల్ మూత మీరు తీయొద్దు. మోకాలి లోతు నీటిలో తెరిచిన మూత ఎవరికీ కనపడదు.