మోడల్ రైళ్ల చేతిపని, 4వ పాఠం: ఇరుకుగా జతపడిన ఇంజన్లను విడదీయడం

పోయిన పాఠంలో వ్యాగన్లు విడదీశాం. వెదురు పుల్ల కొనను రెండు నకిల్ కప్లర్ల (మడిచిన వేళ్లలా ఒకదాన్నొకటి పట్టుకునే కొక్కేల) మధ్య దింపి మెలితిప్పితే అవి తెరుచుకున్నాయి, అది చాలామందికి వెంటనే పట్టుబడుతుంది. అదే పుల్ల పట్టుకుని రెండు డీజిల్ ఇంజన్ల మధ్యకు వెళితే మాత్రం కథ మారిపోతుంది. అటూ ఇటూ హ్యాండ్‌రెయిళ్లు, కింద వేలాడే గొట్టాలు, పైనుంచి కప్లర్ సరిగా కనపడదు. ఎలాగో పుల్ల దింపి తిప్పినా కప్లర్ వదలదు, ఇంకాస్త బలంగా తిప్పితే ఇంజన్ పట్టా దిగుతుంది. ఇక్కడ చెప్పేదంతా హెచ్ఓ స్కేల్‌కి (అసలు రైలులో 87వ వంతు సైజు మోడళ్లకి), కేడీ కంపెనీ తరహా నకిల్ కప్లర్లకి.

కప్లర్ వదలకపోవడానికి కారణం మీ చేతిలో బలం లేక కాదు, రెండు నకిళ్లూ ఒకదాన్నొకటి లాగి పట్టుకుని ఉండటం. వాటి మధ్య వదులు ఉంటే పుల్ల చిన్నగా తిప్పినా చాలు. వ్యాగన్‌కి వదులు ఇవ్వడం తేలిక, వేలితో నెడితే దొర్లుతుంది. ఇంజన్ అలా దొర్లదు. లోపల వార్మ్ గేర్ అనే స్క్రూ ఆకారపు గేర్ ఉంటుంది, అది చక్రాలను తిప్పగలదు కానీ చాలా ఇంజన్లలో చక్రాలు దాన్ని వెనక్కి తిప్పలేవు. అందుకని మీరు చేత్తో నెడితే చక్రాలు పట్టా మీద జారతాయి తప్ప తిరగవు, పైగా ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. కాబట్టి ఇంజన్ల మధ్య వదులు థ్రాటిల్‌తోనే (వేగం తిప్పే కంట్రోలర్‌తోనే) తేవాలి. ఈ పాఠంలో నేను అన్నిటికంటే పట్టుబట్టి చెప్పేది ఇదే.

డీసీసీలో (ఒక్కో ఇంజన్‌కి విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతిలో) నడిపేవాళ్లు ముందు కన్సిస్ట్, అంటే రెండు ఇంజన్లను ఒకటిగా నడిపే ఏర్పాటు, విప్పండి. రెండు ఇంజన్లూ ఒకే ఆదేశానికి కదులుతున్నంతసేపు ఒకటి రెండోదాని వైపు జరగదు. ఇంజన్‌లోని డీకోడర్‌లోనే (ఆదేశాలు అందుకునే చిప్‌లోనే) కన్సిస్ట్ పెట్టి ఉంటే ఆ కన్సిస్ట్ నంబరు సీవీ 19 అనే సెట్టింగులో ఉంటుంది, అది సున్నా అయితేనే ఇంజన్ మళ్లీ తన సొంత అడ్రసుకి కదులుతుంది. ఆదేశాలు పంపే కమాండ్ స్టేషనే కన్సిస్ట్ చూసుకునే సిస్టమ్ అయితే థ్రాటిల్‌లోనే విడదీయాలి. తర్వాత 128 స్పీడ్ స్టెప్పుల్లో మొదటిదో రెండోదో పెట్టి ఒక ఇంజన్‌ని రెండోదాని వైపు రవ్వంత జరపండి. మొమెంటం ఎక్కువగా పెట్టుకున్నవాళ్లకు ఇక్కడ ఇబ్బంది, ఎందుకంటే సున్నాకి తిప్పాక కూడా ఇంజన్ పాకుతూనే ఉంటుంది, ఈ పని నేర్చుకునేంతవరకు దాన్ని నిర్ణయించే సీవీ 3, సీవీ 4 తగ్గించి పెట్టుకోండి. మామూలు డీసీ లేఅవుట్ (పట్టాలకిచ్చే వోల్టేజీతోనే ఇంజన్ నడిచేది) అయితే ఒక ఇంజన్‌ని విడిగా కరెంటు ఆపగలిగే పట్టా భాగంలో (బ్లాక్‌లో) నిలిపి రెండోదాన్ని జరపాలి. మరీ దగ్గరికి నెట్టేస్తే నకిళ్లు ఈసారి అటువైపు బిగుస్తాయి. లాగుడూ నెట్టుడూ రెండూ లేని చోట ఆగాలి, అది పక్కనుంచి, పట్టా ఎత్తులో కన్ను పెట్టి చూస్తేనే తెలుస్తుంది. సూటిగా ఉన్న పట్టా మీదే చేయండి, వంపులో కప్లర్లు పక్కకు తిరిగి ఉంటాయి.

ఇక పుల్ల. మూడు మిల్లీమీటర్ల కబాబ్ పుల్ల చాలు, కానీ వ్యాగన్లకు చెక్కినట్టు కొన మాత్రమే చెక్కితే ఇక్కడ సరిపోదు, నాలుగైదు సెంటీమీటర్ల పొడవునా రెండు వైపులా పలచగా చెక్కి చివర చిన్న ఉలిలా వదలండి, అప్పుడే హ్యాండ్‌రెయిళ్లను తాకకుండా దిగుతుంది. దయచేసి స్క్రూడ్రైవర్ వాడకండి. చేయి జారి రెండు పట్టాల మీద పడితే షార్ట్ సర్క్యూట్, పైగా దానికి అయస్కాంతం పట్టి ఉంటే కప్లర్ కింద వేలాడే ఉక్కు పిన్‌ని లాగుతుంది.

ఏ వైపు తిప్పాలన్నది ఇంజన్ల మధ్య వెతుక్కోకండి. రెండు కుడిచేతుల వేళ్లు మడిచి కొక్కెంలా తగిలించినట్టు ఉంటాయి ఈ కప్లర్లు, అన్నీ ఒకే చేతివాటం. అందుకే పట్టాకి ఏ పక్క నిలబడినా తిప్పే దిశ మారదు. బల్ల మీద రెండు వ్యాగన్లతో ఒకసారి తెలుసుకుంటే లేఅవుట్ అంతటికీ అదే.

మణికట్టు లేఅవుట్ అంచున ఆనించండి, ఇంజన్ మీద కాదు. పుల్ల నిట్టనిలువుగా దించి పావు చుట్టు తిప్పి అలాగే పట్టుకోండి. తీసేయకండి, తీస్తే స్ప్రింగ్ నకిల్‌ని మళ్లీ మూసేస్తుంది. పుల్ల అలా ఉండగానే రెండో చేత్తో థ్రాటిల్ తిప్పి ఒక ఇంజన్‌ని దూరం జరపండి, కప్లర్లు విడిపోయాకే పుల్ల పైకి రావాలి.

కొన్ని జంటలకు పుల్ల అసలు దిగదు. అప్పుడు ఒక ఇంజన్‌కి పొడుగు షాంక్ (కాడ) ఉన్న కప్లర్ వేయండి, కేడీ 148 బదులు 146 పెడితే దాదాపు 2.8 మిల్లీమీటర్ల చోటు వస్తుంది. చూపుకి కొంచెం ఎడం తెలుస్తుంది, నాకైతే హ్యాండ్‌రెయిల్ విరగడం కంటే అదే నయం. ఎఫ్ యూనిట్లు అనే పాత అమెరికన్ డీజిల్ ఇంజన్లలో ఏ (డ్రైవర్ క్యాబ్ ఉన్నది), బీ (క్యాబ్ లేనిది) జతల సంగతి వేరు, వాటి మధ్య ఉండే డయాఫ్రమ్ (మడతల తొడుగు) పైనుంచి దారి మొత్తం మూసేస్తుంది. ఎప్పుడూ కలిసే నడిచే జత అయితే కప్లర్లే తీసేసి డ్రాబార్ (రెంటినీ శాశ్వతంగా కలిపే కడ్డీ) బిగించండి. 1939లో వచ్చిన అసలు ఎఫ్‌టీ ఇంజన్లలో కూడా ఏ, బీ యూనిట్లను చాలావరకు డ్రాబార్‌తోనే కలిపారు, కాబట్టి అది అడ్డదారి ఏమీ కాదు.

వచ్చే పాఠానికి ముందు ఒకే పని: పుల్ల ముట్టుకోకుండా, థ్రాటిల్‌తో రెండు ఇంజన్ల మధ్య వదులు తెచ్చి ఆపడం సాధన చేయండి. అది చేతికి వచ్చాక పుల్ల లేకుండానే కప్లర్లను విడదీసే అయస్కాంతం పట్టాల మధ్య పెట్టడం చూద్దాం, దానికీ ఇదే వదులు కావాలి.